బుడితి ఇత్తడి గిన్నెలో ఎనిమిదేళ్ల వంట

నాగావళి ఒడ్డున శ్రీకాకుళంలో ఉన్న మా తాతగారి పెంకుటింటికి మరమ్మతులు చేయించి 2017లో మేము కాపురానికి వచ్చాము. వంటింటి అటక మీద దొరికిన ఇత్తడి సామాను చాలావరకు సొట్టలు పడి, అడుగులు చిల్లులు పోయి, తూకానికి అమ్మడానికి తప్ప ఎందుకూ పనికిరాని స్థితిలో ఉంది. దానిని అమ్మగా వచ్చిన సొమ్ముకు మరికొంత కలిపి, సారవకోట మండలంలోని బుడితికి వెళ్లి మూడు వస్తువులు కొన్నాను. మూడు కిలోలకు కాస్త తక్కువగా తూగిన వంటగిన్నె ఒకటి, మంచినీళ్ల బిందె ఒకటి, కంచు పళ్లెం ఒకటి. బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి చాలామందికి తెలుసు. అయితే ఆ గిన్నెలను అద్దాల బీరువాలో పెట్టుకునేవారే ఎక్కువ గనుక, రోజూ పొయ్యి మీద పెడితే అవి ఎలా ఉంటాయో చెప్పేవారు నాకు అప్పట్లో దొరకలేదు.

ముందుగా గిన్నె సంగతి. అడుగు మందంగా ఉండటం వల్ల వేడెక్కడానికి స్టీలు గిన్నె కంటే ఎక్కువసేపు పడుతుంది, కానీ ఒకసారి వేడెక్కిన తరువాత సన్నని సెగ సరిపోతుంది, ఆ వేడి కూడా అడుగున ఒకచోటే నిలవకుండా పక్కలకు సమంగా పాకుతుంది. ఈ గుణం కూరల్లో స్పష్టంగా తెలుస్తుంది. బీరకాయ, సొరకాయ వంటి నీరున్న కూరగాయలను చుక్క నీరైనా పోయకుండా, ఉప్పు వేసి మూతపెట్టి వదిలేస్తే, వాటి నీటిలోనే అవి మగ్గుతాయి, అడుగంటవు. పనసపొట్టు కూరకు ఈ గిన్నెను మించినది నేను చూడలేదు. పొట్టును పసుపు వేసి ఉడికించి వార్చిన తరువాత, చింతపండు గుజ్జుతో మళ్లీ సన్నని సెగ మీద మగ్గనిచ్చి, దించాక ఆవ పెట్టే ఆ కూరలో పొట్టు ముద్దకాకుండా పొడిపొడిగా నిలవడం ముఖ్యం. స్టీలు గిన్నెలో నాకు ఎప్పుడూ సగం ముద్ద, సగం మాడు వచ్చేది. కందిపప్పు కుక్కరులో కంటే ఆలస్యంగానే ఉడుకుతుంది గానీ, ఆదివారాలు తీరిక ఉన్నప్పుడు ఈ గిన్నెలోనే పెడతాను, ఎందుకంటే ఆ పప్పు మెదిపిన తీరు వేరు.

ఇక అసలు చిక్కు కళాయిది. (మా వైపు మూకుడును కూడా కళాయి అనే అంటారు, నేను చెబుతున్నది గిన్నె లోపల పూసే తగరపు పూత గురించి.) ఇత్తడిలో ఉండే రాగి, తుత్తునాగం పులుపు తగిలితే కరిగి వంటలోకి దిగుతాయి గనుక, ఆ పూత ఉన్నంతవరకే గిన్నెలో పులుసు పెట్టవచ్చు. కొన్న మూడో ఏడు సంక్రాంతికి గుమ్మడికాయ దప్పళం పెట్టి, అలవాటుగా రాత్రి వరకు అందులోనే ఉంచాను. మధ్యాహ్నం బాగానే ఉన్న దప్పళం రాత్రికి కనరెక్కింది, నాలుక మీద లోహపు చేదు తప్ప మరో రుచి తెలియలేదు. మొత్తం పారబోసి చూస్తే, గిన్నె అడుగున అరచేయంత మేర పూత పోయి పసుపు రంగు తేలి ఉంది. తప్పు గిన్నెది కాదు, నేను లోపలికి చూడకపోవడమే.

అప్పటి నుంచి ఏడాదికి ఒకసారి కళాయి వేయిస్తున్నాను. చూడటానికి అది చిన్న పనిలా కనిపిస్తుంది. గిన్నెను కొలిమి మీద కాల్చి, నవాసారం పొడి చల్లగానే తెల్లని పొగ లేస్తుంది, ఆ వేడి మీద తగరపు కడ్డీని తాకించి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా తిప్పి రుద్దుతారు. పావుగంటలో గిన్నె వెండిలా మెరుస్తుంది. కానీ ఆ పని చేసేవారు ఇప్పుడు వీధుల్లోకి రావడం లేదు. నేను ప్రతిసారీ నరసన్నపేట వైపు వెళ్లే పని పెట్టుకుని గిన్నెను వెంట తీసుకువెళ్లవలసి వస్తోంది, కొన్నిసార్లు రెండేసి వారాలు దానిని అక్కడే వదిలి రావలసి వస్తోంది. సీసం కలిపిన తగరం వంటగిన్నెకు పనికిరాదు గనుక, స్వచ్ఛమైన తగరమే వేయమని అడిగి, ఎదురుగా నిలబడి వేయించుకోవడం మంచిది. మొదటిసారి వేసిన పెద్దాయన గిన్నె చేతికిస్తూ, "ఉట్టి గిన్ని పొయ్యి మీదెట్టీకమ్మా, కళాయి కారిపోతాది" అన్నారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. నీరు, కూర ఉన్నంతసేపు గిన్నె అంత వేడెక్కదు గానీ, ఖాళీ గిన్నె గ్యాసు మంట మీద ఆ వేడికి త్వరగానే చేరుతుంది. అందుకే నేను పోపును విడిగా ఇనుప గరిటెలో వేయించి కూరలో కలుపుతాను, వేపుళ్ల జోలికి ఈ గిన్నెతో వెళ్లను. కలపడానికి చెక్క తెడ్డు, తోమడానికి కొబ్బరి పీచు వాడుతున్న తరువాత పూత మునుపటి కంటే ఎక్కువ కాలం నిలుస్తోంది.

వెలుపలి మెరుపు గురించి ఆశ పెట్టుకోకపోవడం మేలు. సముద్రం దగ్గరి ఊరు కావడంతో, చింతపండు, ఉప్పు పెట్టి తోమిన గిన్నె నాలుగు రోజుల్లో మళ్లీ నల్లబడుతుంది. మొదటి ఏడాది ప్రతి శుక్రవారం తోమాను, ఇప్పుడు పండుగలకే తోముతున్నాను, వంటలో దానివల్ల తేడా ఏమీ లేదు. ఇండక్షన్ పొయ్యి మీద ఇత్తడి పనిచేయదన్నది కొనేముందే తెలుసుకోవలసిన విషయం.

బిందె మీద నాకు ఫిర్యాదు లేదు, బరువు తప్ప. కంచు పళ్లెం మాత్రం ఐదో ఏట చేతి నుంచి జారి గచ్చు మీద పడి అంచు దగ్గర బీటలు వారింది. ఇత్తడి పడితే సొట్ట పడుతుంది, రాగిలో తగరం కలిపి చేసే కంచు పగులుతుంది. పిల్లలున్న ఇంట్లో రోజూ భోజనానికి నేను దానిని సిఫారసు చేయను.

మళ్లీ కొనవలసి వస్తే ఇంత పెద్ద గిన్నె తీసుకోను. మేము నలుగురమే గనుక కిలోన్నర తూగేది చాలు, అదీ రెండు వైపులా చెవులున్నది కావాలి. ఇప్పటి గిన్నెకు అవి లేకపోవడంతో, గంజి వార్చేటప్పుడు గుడ్డతో అంచు పట్టుకుని ఒకటికి రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నాను.