మ్యాగ్నెట్ క్లచ్ సర్వీసు, అనంతపురం: బేరింగ్ పని భేష్, గ్యాప్ దగ్గరే గొడవ

కారు ఏసీ కంప్రెసర్ మొరాయిస్తే చాలా షెడ్లలో ఒకటే మాట: "సెట్టు మార్చాల". పోయింది మ్యాగ్నెట్ క్లచ్ (కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టుకు కలిపి, విడదీసే భాగం) ఒక్కటే అయినా అంతే. గ్యాస్ వదలకుండా క్లచ్ మాత్రం విప్పి బాగుచేసే షెడ్డు ఊళ్లో ఉండటం మేలే. అయితే అక్కడ బండి ఇచ్చే ముందు కొన్ని తెలుసుకోండి.

బెల్టు పుల్లీని ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది, కంప్రెసర్ షాఫ్ట్ మాత్రం ఊరికే ఉంటుంది. పుల్లీ వెనక బిగించిన కాయిల్‌కు 12 వోల్టులు అందగానే అది అయస్కాంతమై పుల్లీ ముందున్న ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుంది, షాఫ్ట్ తిరుగుతుంది. కరెంటు తీస్తే ప్లేటుకున్న స్ప్రింగు పట్టీలు దాన్ని వెనక్కి లాగేస్తాయి. సూపర్‌ఛార్జర్ (బెల్టుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని ఒత్తే పంపు) క్లచ్‌లూ కొన్ని ఇదే తీరు. ఫోక్స్‌వ్యాగన్ 2005లో తెచ్చిన 1.4 ట్విన్‌ఛార్జర్ (సూపర్‌ఛార్జర్, టర్బో రెండూ ఉన్న ఇంజన్)‌లో ఈ క్లచ్ వాటర్ పంపు పుల్లీతో కలిసి ఉంటుంది. 3,500 ఆర్‌పీఎం దాటితే సూపర్‌ఛార్జర్‌ను వదిలేస్తుంది, ఆ పైన పని టర్బోదే. సూపర్‌ఛార్జర్‌లో ఆగి ఉన్న రోటర్లను ఒక్కసారిగా వేగం అందుకునేలా లాగాలి కాబట్టి ప్లేటు మీద ఏసీకన్నా దెబ్బ ఎక్కువ.

ఈ షెడ్డులో మెచ్చుకోవాల్సింది బేరింగ్ పని. ఏసీ ఆపినా గరగర వస్తుందా, వేస్తేనే వస్తుందా అని ముందే అడుగుతారు. ఆపినా వస్తే పుల్లీ బేరింగో, బెల్టును బిగువుగా పట్టే టెన్షనరో. వేస్తేనే వస్తే జబ్బు కంప్రెసర్ లోపల, క్లచ్ మార్చి లాభం లేదు. కొత్త బేరింగును పుల్లీలోకి దించేటప్పుడు బయటి రింగు మీద, పుల్లీని కంప్రెసర్ ముక్కు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద ప్రెస్ చేస్తారు. సుత్తితో దించితే గుండ్లు తిరిగే ట్రాకు మీద గుంటలు పడి కొత్త బేరింగే ఊళ పెడుతుంది.

గ్యాప్ దగ్గర మాత్రం కంటిచూపే కొలత. ప్లేటుకూ పుల్లీకీ మధ్య చాలా మోడళ్లలో 0.3 నుంచి 0.6 మి.మీ. ఉండాలి, సరైన అంకె కంపెనీ మాన్యువల్‌లోనే. ఇక్కడ ఫీలర్ గేజ్ (సన్న రేకులతో సందు కొలిచే సాధనం) బయటికి రాదు. మన ఎండల్లో ఇది చిన్న తప్పు కాదు. రాగి కాయిల్ 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే రెసిస్టెన్స్ దాదాపు 30 శాతం పెరుగుతుంది. 3.6 ఓమ్‌ల కాయిల్‌లో 13.5 వోల్టుల దగ్గర 3.75 ఆంపియర్లు పోయేది 2.9కి దిగుతుంది, లాగే బలం తగ్గుతుంది. గ్యాప్ ఎక్కువుంటే పొద్దున్న చల్లగా పనిచేసిన ఏసీ మిట్టమధ్యాహ్నం పట్టదు, లేదా జారి ప్లేటు నల్లబడుతుంది. మరీ తక్కువుంటే స్విచ్ ఆపినా ప్లేటు రాసుకుంటూ కాలిన వాసన వస్తుంది.

ఇంకో వంక: ప్లేటు పట్టకపోతే నేరుగా కాయిల్ మార్చేస్తారు. క్లచ్ ఆన్ చేసి కాయిల్ కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూస్తే, 11కన్నా దిగువుంటే అది రిలేదో వైరింగుదో తప్పు, కాయిల్‌ది కాదు.

బేరింగ్ పనికి 5కు 5, గ్యాప్ పనికి 2. ఇంజన్ ఆపి, ప్లేటు చుట్టూ మూడు చోట్ల గేజ్ పెట్టి చూపించమనండి. ఎక్కువుంటే ప్లేటు నడుమ ఉన్న హబ్ వెనక షిమ్ (పలచని వాషరు) ఒకటి తీస్తే సరి, అయిదు నిమిషాల పని.