ఎన్‌బీఏతో మళ్ళీ ఏడాది: స్కోరు దాచారు, టైమ్ దాచలేదు

2018లో ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, చూడటం మానేశాను. నాలుగేళ్ళు వరసగా ఫైనల్లో అవే రెండు జట్లు, వారియర్స్, కావలియర్స్. ఒక సీజన్లో 73 మ్యాచ్‌లు గెలిచిన వారియర్స్‌లోకి స్టార్ ఆటగాడు డ్యురాంట్ కూడా వచ్చి చేరాక, జూన్ ఫైనల్లో ఏం జరగబోతోందో సీజన్ మొదలయ్యే అక్టోబర్‌లోనే తెలిసిపోయేది. దానికోసం తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేవబుద్ధి కాలేదు.

నన్ను మళ్ళీ లాగింది విజేతల పట్టిక. 2019లో రాప్టర్స్, ఆ తర్వాత లేకర్స్, బక్స్, వారియర్స్, నగెట్స్, 2024లో సెల్టిక్స్. ఆరేళ్ళు, ఆరు జట్లు. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియని లీగ్ అయిపోయిందన్నమాట! ఆ అక్టోబర్‌లోనే మ్యాచ్‌లు చూపించే యాప్‌కి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టేశాను.

పిక్చర్ క్వాలిటీ, ధర, ఎన్ని టీవీల్లో వస్తుంది లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నాకు ప్రాణమైపోయింది ఒక్కటే, స్కోర్లు దాచే బటన్. మ్యాచ్‌లు మనకి ఉదయం వస్తాయి, ఆ టైమ్‌లో ఇంట్లో టిఫిన్లు, స్కూలు బస్సు, నా ఆఫీసు. అందుకే బటన్ ఆన్ చేసి, ఫోన్‌లో స్పోర్ట్స్ నోటిఫికేషన్లన్నీ ఆపేసి, రాత్రి ఎనిమిదింటికి రికార్డింగ్ పెట్టుకునేవాణ్ణి. ఫలితం తెలియదు కాబట్టి నాకది లైవే. ఏడు నెలలు ఒక్కసారి కూడా ఆ బటన్ మోసం చెయ్యలేదు. ‘కళ్ళు మూసుకుని కట్టెయ్’ అని మా బావమరిదితో కూడా కట్టించాను.

ఇక 2025 మే 22 సంగతి. లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు భాగాలు. ఈస్ట్ ఫైనల్ మొదటి మ్యాచ్, న్యూయార్క్‌లో నిక్స్ మీద పేసర్స్. చివరిదైన నాలుగో క్వార్టర్‌లో మూడు నిమిషాల లోపు ఆట ఉంది, నిక్స్ 14 పాయింట్లు ముందున్నారు. ‘అన్నం చల్లారిపోతోంది’ అని వంటింట్లోంచి పిలుపొస్తే పాజ్ నొక్కాను. నొక్కగానే టీవీ కింద బార్ వచ్చింది, ఇంకా ముప్పావుగంట వీడియో ఉందని. మూడు నిమిషాల ఆట, అదీ 14 పాయింట్ల తేడా ఉన్న ఆట, ఎంత సాగదీసినా పావుగంటకి మించదు. ముప్పావుగంట అంటే ఓవర్‌టైమ్, స్కోరు సమమైతే ఆడించే అదనపు ఐదు నిమిషాలు. పేసర్స్ స్కోరు సమం చేస్తారు! అంత మంచి మ్యాచ్‌లో అసలు సంగతి నా చేతిలోని రిమోటే చెప్పేసింది. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. స్కోరు దాచినవాళ్ళకి నిడివి దాచాలని ఎందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మనసు చంపుకుని మళ్ళీ పెట్టాను. పేసర్స్ ఆటగాడు నీస్మిత్ త్రీలు (గీత అవతలి నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు) మొదలుపెట్టాడు. ఆ ఒక్క క్వార్టర్‌లో ఆరు. చివరి క్షణాల్లో నిక్స్ 125-123తో ముందు, బంతి పేసర్స్ స్టార్ హాలిబర్టన్ చేతిలో. లోపలికి దూసుకెళ్ళినవాడు వెనక్కి గీత దగ్గరికొచ్చి కొట్టాడు. బంతి రిమ్ వెనక తగిలి బోర్డు కంటే పైకి లేచి, నిట్టనిలువుగా వచ్చి లోపల పడింది. మూడు పాయింట్లు కొట్టి గెలిపించేశాననుకుని అతను గొంతు పట్టుకున్నాడు, ఒత్తిడికి తడబడ్డారని వెక్కిరిస్తూ, 1994లో అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పేసర్స్ ఆటగాడు రెజీ మిల్లర్ చేసినట్టే. నా కంటికీ అది మూడే. కానీ మూడైతే ఆట అక్కడితో అయిపోవాలి, ఇక్కడ ఇంకా బోలెడు వీడియో ఉంది. అతని షూ గీతను తొక్కిందని రిఫరీలు తేల్చకముందే, అది రెండేనని మా హాల్లో కూర్చున్న నాకు తెలుసు. అతను సంబరాలు చేసుకుంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కోపం తగ్గలేదు గానీ అలాంటి అనుభవం ఇంకే మ్యాచ్‌లోనూ కలగలేదు. ఓవర్‌టైమ్‌లో పేసర్స్ 138-135తో గెలిచారు.

అప్పటినుంచి బటన్ మీద నమ్మకం సగమైంది. ఫైనల్స్ అలారం పెట్టుకుని లైవ్ చూశాను. మొదటి మ్యాచ్‌లో థండర్ మీద హాలిబర్టన్ 0.3 సెకన్లు ఉండగా కొట్టి 111-110తో గెలిపించాడు. మ్యాచ్ మొత్తంలో పేసర్స్ ముందుకెళ్ళింది ఆ ఒక్కసారే. విజేతను తేల్చే ఏడో మ్యాచ్ సోమవారం పొద్దున. మొదటి క్వార్టర్‌లోనే మడమ నరం తెగి అతను కూలబడి, చేత్తో నేలను బాదుతుంటే మా అమ్మాయి జడ వేయించుకుంటున్నదల్లా లేచొచ్చి నిలబడింది. థండర్ 103-91తో గెలిచింది. ఏడేళ్ళలో ఏడో జట్టు. లీగ్ చరిత్రలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

2025-26 సీజన్‌లో కూడా అంతే ఉత్కంఠ ఉంటుందని మాత్రం ధైర్యంగా చెప్పలేకపోయాను. ముందు సీజన్లో 68 మ్యాచ్‌లు గెలిచిన థండర్, స్టార్ ఆటగాడు గిల్జస్-అలెగ్జాండర్‌తో సహా దాదాపు అలాగే ఉండిపోయింది. ఈస్ట్‌లో హాలిబర్టన్ ఆ సీజన్ మొత్తానికి దూరం, సెల్టిక్స్ స్టార్ టేటమ్‌కీ అదే గాయం. నా ఆశంతా వెస్ట్ మీదే, యోకిచ్ నగెట్స్, డ్యురాంట్ చేరిన రాకెట్స్, వెంబన్యామా స్పర్స్. అందుకే ఆసారి ఏడాదికి కట్టలేదు, నెలనెలా కట్టాను. మా బావమరిదికి నైట్ షిఫ్ట్, అన్నీ లైవ్ చూస్తాడు, అతనికి ఈ బటన్‌తో పనే లేదు. నాలాగా రాత్రే కుదిరేవాళ్ళు కట్టొచ్చు, పాజ్ నొక్కకుండా ఉండగలిగితే.

నేను ఉండలేను కాబట్టి అమ్మాయి డ్రాయింగ్ బుక్‌లోంచి నల్ల చార్టు ముక్క కత్తిరించి టీవీ కింద బార్ వచ్చేచోట అతికించాను. అక్టోబర్ 22 రాత్రి అలాగే థండర్, రాకెట్స్ తొలి మ్యాచ్ పెట్టాను. మధ్యలో రెండుసార్లు పాజ్ చేశాను, ఏమీ కనపడలేదు. ఓవర్‌టైమ్ వచ్చింది. అదైపోయాక ఇంకోటి వచ్చింది. 2.3 సెకన్లు ఉండగా గిల్జస్-అలెగ్జాండర్ ఫ్రీ త్రోలకి (ఫౌల్‌కి దొరికే ఒక్కో పాయింట్ షాట్లకి) నిలబడ్డప్పుడు కూడా మూడో ఓవర్‌టైమ్ ఉందో లేదో నాకు తెలియదు. రెండూ వేశాడు, 125-124.