లక్నవరం వెళ్తున్నారా? టెంట్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు చూడాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి "చెరువు ఒడ్డున క్యాంపింగ్" అంటే నమ్మేసి ఎవరికో అడ్వాన్స్ కొట్టకండి. మాకు జరిగింది ఇంకో కుటుంబానికి జరగకూడదనే ఇంత రాస్తున్నాను. ముసలివాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మా ఆయన, నేను, తమ్ముడు, ఎనిమిదేళ్ల మా పాప, మా బాపు (నాన్న) కలిసి నవంబరులో బయల్దేరాం. బాపుకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. జనగామ దగ్గర చెరువు కింద పొలం చేసిన మనిషి. కాకతీయుల చెరువు చూపించమని చాలా కాలంగా అడుగుతున్నాడు. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా చల్వాయి దాకా జాతీయ రహదారి బాగుంది. అక్కడ పక్కకు తిరిగి బుస్సాపూర్ వైపు వెళ్లాలి. దారిలో రామప్ప గుడి చూసుకున్నాం, ఆ పూట హాయిగా గడిచింది. వరికోతల కాలం కాబట్టి ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రాత్రి కుప్ప చేసి పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు. పొద్దు గూకేలోపు చేరుకోండి.

ఇక ఆ టెంట్ల సంగతి. మనిషికి 1,800, పాపకు 900, మొత్తం 8,100 రూపాయలు. 4,000 ముందే ఫోన్‌పే చేశాం. చెరువు ఒడ్డున టెంట్, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, క్యాంప్‌ఫైర్, అడవిలో ట్రెక్కింగ్ అన్నీ అందులోనే అని రాసి పంపారు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తీరా వెళ్లి చూస్తే అది చెరువు ఒడ్డు కాదు. చెరువుకు నాలుగు కిలోమీటర్ల అవతల, చుట్టూ తీగ కంచె వేసి చదును చేసిన చేను. నీళ్లు కాదు కదా, నీటి గాలి కూడా అక్కడికి రాదు. ఒక టెంట్ తాడు ఇంకో టెంట్ తాడుకు తగిలేంత ఇరుకుగా వరసలు. లోపల పరుపు మీద చెయ్యి పెడితే తడి తగిలింది. రాత్రి మంచు పడితే ఎట్లా అని అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు, దానికి వంద. క్యాంప్‌ఫైర్‌కు కట్టెల ఖర్చు 600 వేరే. ఇరవై రూపాయల నీళ్ల బాటిల్ నలభై. మిగతా 4,100 కడితేనే టెంట్ ఇస్తామన్నారు. అప్పటికే చీకటి పడింది, పాపకు ఆకలి, బాపు కారులోంచి దిగి నిలబడలేకపోతున్నాడు. కట్టేశాం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు. అంతమందికి కలిపి రెండే బాత్రూములు, అందులో ఒకదానికి గడియ లేదు. నేను లోపలుంటే మా ఆయన బయట తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లలు ఇద్దరు కనిపించారు, వాళ్ల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. బాపు టెంట్‌లోకి వంగి దూరలేక, దూరినా లేవలేక రాత్రంతా కారు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. మంచం ఒక్కటైనా వేయమని తమ్ముడు ఎంత బతిమాలినా లేదన్నారు. పైగా ఒంటి గంట దాకా డీజే. అడవి చప్పుడు వినిపిస్తామని చెప్పి తీసుకొచ్చిన పాపను చెవులు మూసి పడుకోబెట్టాను. అక్కడ పనిచేసే కుర్రాడిని మావాళ్లు అడిగితే, "ఓనర్ ఫోన్ ఎత్తట్లేడు సార్, నన్నేం చేయమంటారు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు.

తెల్లవారుజామునే సామాను సర్దేశాం. టిఫిన్ కోసం కూడా ఆగలేదు. ట్రెక్కింగ్ అన్నది ఎక్కడో ఎవరూ చెప్పలేదు. డబ్బు వాపసు అడిగితే అలాంటి పద్ధతి లేదని మెసేజ్ వచ్చింది. తమ్ముడు దారిపొడుగునా గొడవే, మా ఆయన మౌనం. ప్యాకేజీ వెతికింది ఆయనే కాబట్టి ఆ మౌనం ఇంకా బరువు.

చెరువు దగ్గరికి వచ్చాక మాత్రం బాపు వేరే మనిషి అయిపోయాడు. కట్ట ఎక్కగానే మోకాళ్ల నొప్పి మాటే లేదు. నీళ్ల వైపు పరిచిన రాళ్లను వంగి చేత్తో తడిమాడు. "గుట్టల నడిమి సందులు మాత్రం మూసిన్రు బిడ్డా, మిగిలిన కట్టంత దేవుడే కట్టిండు" అన్నాడు. నిజంగానే అంతే. 13వ శతాబ్దంలో కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో తవ్వించిన చెరువు ఇది. గుట్టల మధ్య ఉన్న ఇరుకు సందులకు అడ్డంగా చిన్న చిన్న కట్టలు పోశారు. గుట్టలే మిగతా కట్ట అయ్యాయి. పోయాల్సిన మట్టి తక్కువ, తెగే భయం తక్కువ. లోపల మునిగిన గుట్టల కొసలే ఇప్పుడు మనం చూసే దీవులు. పదమూడు దీవులని చెబుతారు. తూము ఎక్కడుంది, కాలువ ఎటు పోతుంది, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎక్కడ అని అక్కడున్న ఒక రైతును పట్టుకుని బాపు గంటసేపు మాట్లాడాడు. దీని నీళ్లతో ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వేలాడే వంతెన మీద సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. కట్ట మీద పది నిమిషాలు నడవండి, అసలు లక్నవరం అక్కడుంది.

వంతెన బాగుంది, పాప రెండుసార్లు అటూ ఇటూ పరిగెత్తింది. పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉంటుంది. పది దాటితే ఆదివారం కాలు పెట్టే చోటు ఉండదు. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ బకిల్ మీరే బిగించుకుని చూసుకోండి, పిల్లలకు పెద్దవాళ్ల సైజు తగిలిస్తున్నారు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఒడ్డున అడుసు కాలు పట్టేస్తుంది.

ఇక ఈ ప్రయాణంలో మా కడుపు, మనసు రెండూ నింపిన సంగతి. కట్ట దిగాక ఊళ్లో ఒక ఇంటి ముందు చేపలు అమ్ముతున్నారు. రెండు కిలోల బొచ్చె, కిలో 180 చొప్పున 360. వండి పెడతారా అని అడిగితే ఆ ఇంటి అమ్మ కిలోకు 150 అడిగింది. అన్నం, ఉల్లిగడ్డ కోతలు అందులోనే. ముక్కలకు పసుపు, ఉప్పు పట్టించి పక్కన పెట్టి, ధనియాలు, మెంతులు, ఎండుకొబ్బరి వేయించి రోట్లో నూరింది. చింతపండు పులుసు మరిగాక ముక్కలు వేసి, ఇక గంటె పెట్టలేదు. గిన్నె రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. గంటె పెడితే ముక్క విరుగుతుందంది. కట్టెల పొయ్యి మీద ఆ పులుసు వాసనకే తమ్ముడి కోపం సగం దిగిపోయింది. వాకిట్లో చాప వేసి, బాపుకు మాత్రం అడక్కుండానే మంచం వాల్చింది. రాత్రి ఎనిమిది వేలు తీసుకున్నవాళ్లు ఇవ్వని మంచం. మొత్తం 660 అయింది, ఐదుగురం కడుపునిండా తిన్నాం. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. పాపకు రెండు సీతాఫలాలు కూడా ఇచ్చింది.

రెండో రాత్రి ములుగులో మామూలు లాడ్జిలో ఉన్నాం. రెండు నాన్ ఏసీ గదులు 1,400 చొప్పున. వేడినీళ్లు, గడియ ఉన్న బాత్రూము, ఉతికిన దుప్పటి. చెప్పుకోదగ్గ విశేషం లేదు, అందుకే బాగుంది.

నడవాలని ఉన్నవాళ్లు తాడ్వాయి వైపు వెళ్లండి. ఏటూరునాగారం అభయారణ్యం అటే. 2024 ఆగస్టు 31న అక్కడ సుడిగాలికి వేల చెట్లు కూలిపోయాయి. వేళ్లతో సహా లేచిన మానులు చూసి బాపు చాలాసేపు మాట్లాడలేదు. దామరవాయి గుట్టమీద రాకాసి గుళ్లు ఉన్నాయి. ఇనుప యుగపు సమాధులు. నిలువుగా పాతిన రాతిపలకల మీద ఒక్కటే పెద్ద బండ కప్పు. ఆ బండ మనుషులు ఎత్తలేరు, రాకాసులే ఎత్తి ఉంటారని ఆ పేరు. తెలిసినవాళ్లు లేకుండా ఆ దారిన వెళ్లకండి. మాతో వచ్చిన కోయ యువకుడికి 500 ఇచ్చాం. దారిలో నల్లమద్ది బెరడు చూపించి, ఎండాకాలంలో దాన్ని గీరితే నీళ్లు వస్తాయని, ఇప్పుడు ఊరికే గాయం చేయొద్దని పాపకు చెప్పాడు. 8,100 తీసుకుని చూపిస్తామన్న అడవిని 500కు అతను చూపించాడు.

టెంట్లలోనే ఉండాలని పట్టుదల ఉంటే డబ్బు పంపేముందు లైవ్ లొకేషన్ అడగండి. అది చెరువుకు ఎంత దూరమో మ్యాప్‌లో మీరే చూసుకోండి. ఎన్ని బాత్రూములు, ఎంతమందిని తీసుకుంటున్నారు, పాటలు ఎన్నింటికి ఆపుతారు, ముసలివాళ్లకు మంచం ఉందా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. చెరువు దగ్గర పర్యాటక శాఖ హరిత కాటేజీలు ఉన్నాయి, మేం ఆలస్యంగా చూసేసరికి దొరకలేదు. వారం మధ్యలో ప్రయత్నించండి. నోట్లు దగ్గర ఉంచుకోండి, చాలాచోట్ల సిగ్నల్ అందదు. మేడారం జాతర జరిగే ఏడాది మాఘమాసంలో మాత్రం అటు రావద్దు, దారంతా జాతర బండ్లే.

బాపు ఇప్పుడు మత్తడి దుంకినప్పుడు మళ్లీ పోదామంటున్నాడు. వానలు బాగా పడితే ఆగస్టు, సెప్టెంబరులో వెళ్తాం. ములుగు లాడ్జికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాం.