పలక, బలపం: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇది పిల్లలకు అ, ఆలు దిద్దించడానికి కొన్న పలక గురించి కాదు. కథలు రాసుకునే యాభై రెండేళ్ల మనిషి, బుర్రలోకి వచ్చిన ఆలోచన జారిపోకుండా రాసి పెట్టుకోవడానికి కొనుక్కున్న పలక గురించి. నల్ల రాయి, చుట్టూ చెక్క చట్రం, మేకుకు తగిలించడానికి పైన కన్నం. కొలతలూ ధరా చెప్పను, పలకంటే ఏమిటో అందరికీ తెలుసు. మార్కాపురం రాతి పలక దొరికితే అదే తీసుకోండి. రేకు పలకలూ అట్ట పలకలూ నేనూ వాడి చూశాను, వాటి మీద బలపం జారుతుంది.

నేను అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్లో గుమాస్తాని. ఏడాదికి మూడో నాలుగో కథలు రాస్తాను, వాటిలో ఒకటి రెండు అచ్చవుతాయి. నాకు ఆలోచనలు రాసే బల్ల దగ్గర ఒక్కసారి కూడా రాలేదు. కాయలు లెక్కపెట్టేటప్పుడు వస్తాయి. "లాభం, రెండు, మూడు" అంటూ ఒలుపు వాళ్లు పోగు వేస్తుంటే నా నోరు అంకెలు అంటూనే ఉంటుంది, మనసు ఎక్కడికో పోతుంది. "గుమాస్తాగారండీ, నలభై రెండా, నలభై మూడాండి?" అని అడిగేసరికి అటు లెక్కా ఉండదు, ఇటు కథా ఉండదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద నిలబడి వశిష్ఠ గోదావరిని చూస్తున్నప్పుడు కూడా వస్తాయి. చేతికి పని ఉండి బుర్రకు పని లేని చోటన్నమాట.

అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది మధ్యాహ్నం కోడికునుకులో. ఇది నా ఒక్కడి పిచ్చి అనుకునేవాణ్ణి. ఎడిసన్ చేతిలో ఇనప గుండు పట్టుకుని కునుకు తీసేవాడని, నిద్ర పట్టగానే అది కింద పడి మెలకువ వచ్చేదని చెబుతారు. 2021లో పారిస్ పరిశోధకులు ఈ సంగతి పరీక్షించి చూశారు. ఒక లెక్కల పనిలో దాగున్న కిటుకును, పదిహేను సెకన్లయినా ఆ తొలి మగతలో గడిపిన వాళ్లలో 83 శాతం మంది పట్టుకున్నారు. అసలు కునుకు తీయని వాళ్లలో 30 శాతం, ఇంకా లోతు నిద్రలోకి జారిన వాళ్లలో 14 శాతమే. నేనూ కొట్టు తాళాల గుత్తి పట్టుకుని పడుకున్నాను. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు గుత్తి పడ్డ చప్పుడుకు వీధి కుక్క అందుకుంది, మా ఆవిడ గుత్తి లాక్కుంది. ఆ ప్రయోగం అక్కడితో సరి.

ఇక పలకలో నాకు నచ్చిన ఒకే ఒక్క గుణం: అది నిండిపోతుంది. పుస్తకం నిండదు, నిండినా ఇంకొకటి కొంటాం. పలకకు ముందు నా దగ్గర పదకొండు పాకెట్ పుస్తకాలుండేవి, ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒకసారి తీసి చూస్తే ఒక పేజీలో "ఎర్ర గొడుగు, అదే మనిషి, తిరిగి!!!" అని ఉంది. ఏ గొడుగో, ఏ మనిషో, ఎక్కడికి తిరిగో ఆ దేవుడికే ఎరుక. మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టానంటే ఆ రోజు ఎంత సంబరపడ్డానో మరి. రాసేశాం కదా అని మర్చిపోవడానికే ఆ పుస్తకాలు పనికొచ్చాయి.

పలక మీద నా దస్తూరీకి ఒక వైపు తొమ్మిది లైన్లు పడతాయి. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద లైటు కింద కూర్చుని చదువుతాను. ఇంకా దురద పెడుతున్నది ఏదైనా ఉంటే పొడుగు పుస్తకంలోకి ఎక్కిస్తాను, మిగతాదంతా తడిగుడ్డతో సాఫు. పదిలో ఒకటో రెండో మిగులుతాయి. రామానుజన్ కాగితం కొనే స్తోమత లేక పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో చెరిపేసి, ఫలితం మాత్రమే నోటు పుస్తకంలో రాసుకునేవాడట. నాకూ ఆయనకూ పోలిక ఆ మోచేయి వరకే.

పలక మీద ఒకటి రెండు ముక్కలే పడతాయి కాబట్టి మిగతాది సాయంత్రం దాకా మనసులో నలుగుతూనే ఉంటుంది. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే ఈ మాట చెప్పింది: పూర్తయిన పనికంటే మధ్యలో ఆగిపోయిన పనే బాగా గుర్తుంటుందని. ఇన్నాళ్లలో ఎన్ని చెరిపానో లెక్కలేదు, అయ్యో అనుకున్నది లేదు.

అంటే, ఒక్కటి ఉంది. అది చెప్పాలి.

మూడేళ్ల కిందటి సంగతి. ఒక మధ్యాహ్నం కునుకులోంచి లేస్తూనే పలక అందుకుని, పైన ఒక లైను రాశాను: "తాత రేవు వైపు చూడ్డం మానేశాడు." దాని కింద ఎందుకు మానేశాడో ఆరు లైన్లు. నేను పలక మీద అంత పొడుగు ఎప్పుడూ రాయను. ఆ రోజు మాత్రం కథ మొత్తం చేతికి వచ్చేసింది. పలక మేకుకు తగిలించి కొట్టుకు పోయాను. చెట్ల మీంచి కాయలు దించే దింపు రోజుల్లో పని తెమలదు, రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చాను.

పై లైను అలాగే ఉంది. కింద ఆరు లైన్లూ లేవు. వాటి చోట మా ఆవిడ చేతిరాత: "పాలు: మంగళ లేవు. బుధ లేవు. గురు అర లీటరు." రోజూ క్యాలెండరు మీద రాస్తుంది. ఆ పూట పెన్ను దొరకలేదట, కొంగుతో చెరిపి రాసింది. పై లైను ఎందుకు ఉంచావంటే, "మూడు లైన్లకు చోటు చాలిందండీ, మీదెందుకులే చెరపడం అని ఉంచాను" అంది. నేను గొంతు పెంచాను. "ఏవండీ, అంత ముఖ్యమైతే పుస్తకంలో రాసుకోవాలి గానీ, చెరిపేసే పలక మీద ఎందుకు రాశారు?" అంది. మూడేళ్లుగా పలక గొప్పతనం ఊరందరికీ చెబుతున్నవాణ్ణి, ఏమని జవాబు చెప్పను?

మూడు వారాలు తన్నుకున్నాను. అదే మంచం, అదే వేళ, అదే వైపు ఒత్తిగిలి పడుకోవడం. ఆ రోజు తిన్న పప్పుచారే మళ్లీ చేయించుకున్నాను. ఆదివారం పని గట్టుకుని పంటు ఎక్కి అటూ ఇటూ రెండుసార్లు దాటాను. ఆ ఆరు లైన్లలో "తాడు" అనే మాట ఉందని తప్ప ఇంకేమీ తట్టలేదు.

ఒక సాయంత్రం విసుగు పుట్టి పలక కడిగేద్దామని తీశాను. ఆ లైనూ ఆ లెక్కా నేనూ తుడవలేదు, ఆవిడా తుడవలేదు. పై నుంచి కిందికి ఒకే గుక్కలో చదివాను. "తాత రేవు వైపు చూడ్డం మానేశాడు. పాలు: మంగళ లేవు. బుధ లేవు." అంతే, అరుగు మీదే కూలబడ్డాను. పాలు లంకలోంచి పడవ మీద వచ్చేవి. తెచ్చే కుర్రాడి కోసమే తాత రోజూ పొద్దున్నే రేవు వైపు చూసేవాడు. రెండు రోజులుగా పాలు ఎందుకు రాలేదో ఇంట్లో ఎవరికీ తెలియదు, తాతకు తెలుసు. రెండు రాత్రుల్లో కథ అయిపోయింది. వారపత్రికలో వచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఫోన్ చేసి మాట్లాడింది నా కథల్లో ఆ ఒక్కదానికే.

మా ఆవిడ అది తన కథే అంటుంది. కాదనలేను. కానీ పోయిన ఆరు లైన్లూ దీనికంటే బాగున్నాయని నాకు ఇప్పటికీ లోలోపల అనుమానం. ఆ తాడు దేనిదో తెలిస్తే బాగుండును.

మిగతా లోపాలు తొందరగా చెప్పేస్తాను. వానాకాలం ముసురు పట్టిందంటే పలక చెమ్మగిల్లుతుంది, బలపం గీసినా తెల్లగా పడదు. ఏడాదికోసారి బొగ్గూ దొండాకూ కలిపి రుద్దకపోతే నలుపు తగ్గుతుంది. మొదటి పలక రావులపాలెం బస్సులో సంచిలోనే విరిగింది. అప్పటి నుంచి బయటకు తీసుకెళ్లడం లేదు. పంటు మీద, కొట్లో చీటీల వెనకే రాస్తాను. ఫోన్‌లో మాట్లాడితే అక్షరాలుగా మార్చేది ఒకటి ప్రయత్నించాను, "దింపు వాళ్లు" అంటే "దిండు పళ్లు" అని రాసింది, తీసేశాను. ఫోన్ అస్సలు ముట్టుకోనని అనడం లేదు. ఆ పాల లెక్క తర్వాత కొట్టుకు బయల్దేరే ముందు పలకను ఒక ఫోటో తీసుకుంటున్నాను. ఆ ఫోటోలు రెండు వందలు దాటాయి. వాటిని తెరిచి చూడను, అది వేరే విషయం.

మీరు కొనాలా అంటే, నాది అరుగున్న ఇల్లు, మధ్యాహ్నం గంటసేపు మంచం దొరికే ఉద్యోగం. నగరంలో ఫ్లాటులో ఉండి రోజంతా తిరిగే వాళ్లకు ఇది ఏపాటి పనికొస్తుందో చెప్పలేను. పద్యాలు రాసేవాళ్లయితే వద్దు, ఒక్క మాట చెరిగినా గణం పోతుంది. ఇంట్లో అందరి చేతికీ అందే ఎత్తులో మాత్రం మేకు కొట్టకండి అందామనుకున్నాను, ఆ కథ గుర్తొచ్చి ఆగాను. మా ఇంట్లో మేకు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ సమీక్ష మొదటి మూడు లైన్లూ పలక మీదే రాసుకున్నాను. నాలుగో లైను గ్యాస్ బుక్ చేసిన తేదీ.