కోహా: పిల్లలే నడిపే మా స్కూలు లైబ్రరీలో ఎలా పనిచేస్తోంది

లైబ్రరీలో పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క చూసే కోహా సాఫ్ట్‌వేర్ మీద నేను చదివిన అభిప్రాయాలు దాదాపు అన్నీ యూనివర్సిటీ, కాలేజీ లైబ్రేరియన్లు రాసినవే. వాళ్లు లైబ్రరీ సైన్సు చదువుకున్నవాళ్లు, సర్వర్ మొరాయిస్తే చూసేవాళ్లు పక్కనే ఉంటారు. నేను తెలుగు టీచర్ని. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠాలు చెబుతూ లైబ్రరీ ఇన్‌ఛార్జి కూడా చూస్తున్నాను. మాకు లైబ్రేరియన్ పోస్టు లేదు. ఉన్నదల్లా ఒక గది, కొన్ని బీరువాలు, రెండు వేల పైచిలుకు పుస్తకాలు, ఒక పాత డెస్క్‌టాప్, మధ్యాహ్న భోజనం కాగానే చేతులు కడుక్కుని వచ్చి గుమ్మం ముందు నిలబడే పిల్లలు. ఇలాంటి చోట కోహా పనికొస్తుందా అని తోటి టీచర్లు అడుగుతున్నారు. పనికొస్తుంది. టీచరు ఒక్కరే మొత్తం చేసుకోవాలనుకుంటే మాత్రం దీని జోలికి వెళ్లకండి, రిజిస్టరే సుఖం.

కోహా పుట్టింది న్యూజిలాండ్‌లో. తమ పాత సిస్టం 2000 సంవత్సరం దాటితే పనిచేయదని తెలిసి, హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు వాళ్లు 1999లో కటిపో అనే చిన్న కంపెనీ చేత రాయించుకున్నారు. 2000 జనవరి నుంచి అక్కడి లైబ్రరీల్లో వాడుకలోకి వచ్చింది. తర్వాత కోడ్ మొత్తం అందరికీ ఉచితంగా వదిలేశారు. అది చిన్న ఊళ్ల పబ్లిక్ లైబ్రరీల కోసం పుట్టినది కాబట్టేనేమో, పుస్తకం ఇవ్వడం, తిరిగి తీసుకోవడం అనే రెండు పనులు ఇందులో చాలా తేలిగ్గా జరుగుతాయి. స్కూలుకి కావలసింది ముఖ్యంగా అవే.

డబ్బు కట్టక్కర్లేదు కానీ ఇన్‌స్టాల్ చేయడానికి మాత్రం తెలిసిన మనిషి కావాలి. ఇది నడిచేది విండోస్ మీద కాదు, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం మీద. మామూలు ప్రోగ్రాముల్లా డబుల్ క్లిక్ చేసి ఎక్కించుకునే రకం కాదు. మాకు ఇంజనీరింగ్ చదివిన మా స్కూలు పూర్వ విద్యార్థి వచ్చి డెబియన్ అనే రకం లైనక్స్ వేసి, దాని మీద కోహా పెట్టి వెళ్లాడు. ఒకసారి ఎక్కిందంటే తర్వాత అంతా బ్రౌజర్లోనే. ఇంటర్నెట్ లేకపోయినా ఫర్వాలేదు. స్కూల్లోపల వైఫై రూటర్ ఉంటే చాలు, ఇంకో కంప్యూటర్లోనో ట్యాబ్‌లోనో కూడా తెరుచుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ లైబ్రరీల కోసమే ఉంది, కానీ దాని 4.0 వెర్షన్ క్లౌడ్ మీద, అంటే ఇంటర్నెట్ ద్వారా నడుస్తుంది. నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని మాలాంటి చోట గదిలోనే ఉండే సర్వర్ నాకు ధైర్యంగా అనిపించింది.

ఇక అసలు సంగతి, పిల్లల విషయం. కోహాలో నాకు అన్నిటికన్నా నచ్చింది అనుమతుల పద్ధతి. లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ ఏ పని చేసే హక్కు ఉండాలో విడివిడిగా టిక్ పెట్టి ఇవ్వొచ్చు. నాది సూపర్ లైబ్రేరియన్ అకౌంటు, అన్నీ చేయొచ్చు. కౌంటర్లో డ్యూటీ చేసే పిల్లల అకౌంటుకు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే హక్కు మాత్రమే ఇచ్చాను. వాళ్లు పుస్తకం రికార్డును చెరపలేరు, కొత్త సభ్యుణ్ని చేర్చలేరు, సెట్టింగులు ముట్టుకోలేరు. ఈ ఒక్క సౌకర్యం వల్లే నేను కౌంటరు నిజంగా వాళ్ల చేతికి ఇచ్చేసి పక్కకు రాగలిగాను. ‘పిల్లలకి కంప్యూటర్ ఇస్తే పాడు చేస్తారు’ అని స్టాఫ్ రూములో వినిపించే భయానికి కూడా ఇదే సమాధానం.

మా దగ్గర డ్యూటీ జంటలుగా ఉంటుంది. ఎనిమిదో తరగతి వాళ్లు ఒకరు, ఏడో తరగతి వాళ్లు ఒకరు. ఒకరు స్కానర్ పట్టుకుంటే, ఇంకొకరు తిరిగొచ్చిన పుస్తకం తిరగేసి చూస్తారు. పేజీ ఊడిందా, పిన్ను లేచిందా, నీళ్లు పడ్డాయా చూసి, పాడైంది ‘ఆస్పత్రి’ అని రాసిన అట్టపెట్టెలో వేస్తారు. శనివారం ఆరో తరగతి పిల్లలు మైదా జిగురుతో, పల్చటి టిష్యూ కాగితంతో వాటిని బాగుచేస్తారు. సెల్లోటేపు వాడనివ్వను. అది కొన్నాళ్లకు పసుపురంగుకి తిరిగి కాగితాన్నే తినేస్తుంది.

స్కానర్ గురించి చెప్పాలి. యూఎస్‌బీ బార్‌కోడ్ స్కానర్ మామూలు రకం చాలు. కంప్యూటర్ దాన్ని కీబోర్డు లాగే చూస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గుచ్చగానే పనిచేస్తుంది. పిల్లలకు ఐడీ కార్డులు ఇచ్చి రోజూ తెమ్మంటే జరగని పని. అందుకని ఒక్కో సెక్షన్‌కి ఒక ఏ4 కాగితం మీద పిల్లల పేర్లు, వాటి పక్కన బార్‌కోడ్లు ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేబుల్ మీద ఉంచాను. పిల్లవాడు వచ్చి పేరు చెబుతాడు, డ్యూటీ అమ్మాయి ఆ పేరు పక్కన గీతల మీద స్కానర్ పెట్టి ‘బీప్’ అనిపిస్తుంది, తర్వాత పుస్తకం మీద ఇంకో ‘బీప్’. అంతే. లైను చకచకా కదులుతుంది. సభ్యుల నంబరుగా అడ్మిషన్ నంబరే వాడాం. పేర్లన్నీ ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా మార్చి ఒకేసారి ఎక్కించొచ్చు. జూన్‌లో తరగతి మారినప్పుడు కూడా ఒక్కొక్కరిదీ మార్చనక్కర్లేదు, బ్యాచ్ మాడిఫికేషన్ అనే చోట సెక్షన్ మొత్తాన్ని ఒక్కసారిగా మార్చేయొచ్చు.

పుస్తకాలకు బార్‌కోడ్ అంటించడంలో ఒక చిక్కుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే స్పైన్ (పుస్తకం వీపు) లేబుళ్లు లావుపాటి పుస్తకాలకు బావుంటాయి. మా పిల్లలు ఎగబడి తీసుకునేవేమో పదహారు, ఇరవై నాలుగు పేజీల బొమ్మల కథల పుస్తకాలు. మధ్యలో రెండు పిన్నులు కొట్టి ఉంటాయి, అసలు స్పైనే ఉండదు, లేబుల్ ఎక్కడ అంటిస్తాం? అందుకే బార్‌కోడ్ వెనక అట్ట పై మూలన వేసి, మీద పారదర్శకమైన టేపు వేశాం. ఇక్కడ మాత్రం టేపు తప్పదు, లేకపోతే చేతి చెమటకు గీతలు అలుక్కుపోయి స్కానర్ చదవదు. ముందు అట్ట కింది మూలన రంగు కాగితం ముక్క: కథలకు ఎరుపు, సైన్సుకు ఆకుపచ్చ, జీవిత చరిత్రలకు నీలం. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. మా కథల పుస్తకాలన్నిటి మీదా ఆ నంబరే వేస్తే ఆరో తరగతి పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. ఎరుపు ఎరుపులో పెట్టడం అందరికీ వచ్చు. సన్న పుస్తకాలను బీరువాలో కుక్కకుండా గోడకు తాడు కట్టి దాని మీద వేలాడదీశాం, అట్ట కనబడితేనే చెయ్యి వెళ్తుంది.

కోహాలో కష్టమైన పని క్యాటలాగింగ్. మార్క్ (MARC) అనే ప్రపంచ ప్రమాణంలో పుస్తకం వివరాలు ఎక్కించాలి. పేరుకు 245, రచయితకు 100, ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకం వెనక ఉండే అంతర్జాతీయ నంబరుకు) 020, ఇలా అంకెలతో పేజీ నిండా గడులు కనిపిస్తాయి. కొత్తవాళ్లు అది చూసి బెదిరిపోతారు. అన్నీ నింపాల్సిన పని లేదు. ‘ఫాస్ట్ యాడ్’ అనే చిన్న ఫారం ఉంది, స్కూలుకు అది చాలు. ఇంగ్లిషు పుస్తకాలైతే ఐఎస్‌బీఎన్ కొట్టి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల నుంచి రికార్డు తెచ్చుకోవచ్చు. తెలుగు పుస్తకాలకు ఆ దారి పెద్దగా ఉపయోగపడదు. అక్కడ దొరికినా పేరు ఇంగ్లిషు లిపిలో, అక్షరాల మీదా కిందా చుక్కలూ గీతలతో ఉంటుంది. మా పిల్లలకు అది చదవడం కుదరదు. అందుకే తెలుగు పుస్తకాలన్నీ చేత్తోనే టైపు చేసుకోవాలి, దానికి సిద్ధపడే దిగండి.

తెలుగులో వెతకడం సరిగ్గా జరగాలంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఐసీయూ (ICU) అనే ఇండెక్సింగ్ పద్ధతి, అంటే వెతకడానికి మాటల సూచిక తయారుచేసే పద్ధతి, పెట్టించుకోవాలి. ఎక్కించే అతనికి ఈ మాట ముందే చెప్పండి. అయినా ఒక సమస్య మిగులుతుంది. పిల్లలు ‘కధలు’ అని కొడతారు, పుస్తకం మీద ‘కథలు’ అని ఉంటుంది, కంప్యూటర్ ఏమీ లేదంటుంది. పిల్లవాడు అది నమ్మి వెళ్లిపోతాడు. నాకిది చిన్న విషయంగా అనిపించలేదు. 246 అనే గడి పేరుకు ఉండే వేరే రూపాల కోసమే ఉంది, అక్కడ పిల్లలు రాసే స్పెల్లింగు కూడా చేర్చుకుంటూ పోతున్నాం. ఏ మాట కొడితే దొరకలేదో డ్యూటీ వాళ్లు ఒక నోటు పుస్తకంలో రాస్తారు, నేను వారానికోసారి చూసి సరిచేస్తాను.

జరిమానా గడి ఖాళీగా వదిలేశాను, అందరూ అలాగే చేయాలని నా అభిప్రాయం. రోజుకు రూపాయి అన్నా సరే, ఆ రూపాయి ఇంట్లో అడగలేని పిల్లవాడు పుస్తకం తిరిగివ్వడానికి రాడు, తర్వాత లైబ్రరీ వైపే రాడు. సెలవుల క్యాలెండర్లో దసరా, సంక్రాంతి సెలవులు ముందే నింపి, గడువు లెక్కలో క్యాలెండర్ చూడమని సెట్టింగ్ పెడితే, పుస్తకం తిరిగి ఇవ్వాల్సిన తేదీ సెలవు రోజున పడదు. పిల్లలకు ఆలస్యం అన్న టెన్షన్ లేకుండా పండక్కి పుస్తకాలు ఇంటికి వెళ్తాయి.

పిల్లలు కౌంటర్లో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటుంది. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో డ్యూటీలో ఉన్నవాళ్లకు తెరమీద కనబడుతుంది. అందుకే తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, అడ్రసులు మేం అసలు ఎక్కించలేదు. అక్కర్లేని గడులను ఫారంలోంచి తీసేసే వీలు కోహాలోనే ఉంది. ఎదిగే వయసు ఆరోగ్యం గురించిన పుస్తకాలకు బార్‌కోడ్ వేయలేదు. వాటిని కిటికీ పక్క అరలో ఉంచాం. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని, అక్కడే కూర్చుని చదివి పెట్టేయొచ్చు. ఏ అమ్మాయీ తోటి విద్యార్థి ముందు ఆ పుస్తకం స్కాన్ చేయించుకోవాల్సిన అవసరం రాకూడదు.

రిపోర్టుల దగ్గర కోహాకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఎక్కువగా వెళ్లిన పుస్తకాల జాబితా అందరూ చూస్తారు, నోటీసు బోర్డు మీద పెడతారు. నాకు పనికొచ్చింది దానికి తిరగేసిన జాబితా, అంటే ఒక్క పుస్తకం కూడా తీసుకోని సభ్యులది. ‘ఇనాక్టివ్’ అన్న చోట ఉంటుంది. మొదటిసారి దాన్ని తెరిచి చూస్తే, రోజూ లైబ్రరీలో కనబడే ఏడో తరగతి పిల్లవాడి పేరు అందులో ఉంది. వస్తాడు, తాడు మీద పుస్తకాలు సరిచేస్తాడు, స్నేహితులతో మాట్లాడతాడు, వెళ్లిపోతాడు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటే తెలిసింది, గుణింతాల దగ్గరే ఆగిపోతున్నాడు. రెండు లైన్ల బొమ్మల పుస్తకం అందరి ముందూ పట్టుకోవడం వాడికి నామోషీ. రిజిస్టరు రోజుల్లో అయితే ఇది నా కంట పడేది కాదు.

వాడికి దారి చూపింది కోహా కాదు, స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన ఉచిత కథల వేదిక. తెలుగు కథలు బోలెడు ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ట్యాబ్‌లో మొదటి స్థాయి కథ చదువుతుంటే పక్కవాడికి అది చిన్నపిల్లల పుస్తకమని తెలియదు. నెట్ ఉన్న రోజు దించి పెట్టుకుంటాం. అనువాదాల్లో కొన్ని వాక్యాలు బిగుసుగా ఉంటాయి, చదివించే ముందు టీచరు ఒకసారి చూసుకోవడం మంచిది.

నచ్చనివి కూడా ఉన్నాయి. కోహా ఆరు నెలలకో కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది, మే, నవంబరుల్లో. స్కూలు నడుస్తుండగా అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు, వేసవి సెలవుల్లో చేయించుకోండి. తెరమీద మెనూలు మరీ ఎక్కువ. పిల్లలకు కావలసిన రెండు బటన్ల కోసం ఇరవై లింకులు చూడాలి. మేమైతే ఇవ్వడం, తీసుకోవడం పేజీలను బ్రౌజర్లో బుక్‌మార్క్ చేసి పెట్టాం. కరెంటు పోతే సర్వర్ ఉన్నట్టుండి ఆగకుండా యూపీఎస్ తప్పనిసరి. కంప్యూటర్ ఆన్‌లో ఉంటే రోజూ తనే బ్యాకప్ తీసుకుంటుంది, కానీ అది అదే హార్డ్ డిస్కులో ఉంటుంది కాబట్టి శనివారం పెన్ డ్రైవులోకి కాపీ చేసి ఇంటికి తీసుకెళ్తాను.

స్టాక్ రిజిస్టరు మాత్రం మానేయకండి, తనిఖీకి చూపాల్సింది అదే. రిజిస్టర్లో ఒక్కో పుస్తకానికి ఇచ్చే వరస నంబరునే (యాక్సెషన్ నంబరు) బార్‌కోడ్ నంబరుగా వేస్తే రెండూ ఎప్పుడూ కలిసి నడుస్తాయి. ఖర్చు విషయానికొస్తే, సమగ్ర శిక్షా కింద లైబ్రరీకి స్కూలు స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రాంటు పెట్టారు, అది పుస్తకాలకే. స్కానర్, స్టిక్కర్ షీట్లు దాతలెవరైనా కొనిస్తే బావుంటుంది, మాకు పూర్వ విద్యార్థులు కొనిచ్చారు.

ఐదు వందల లోపు పుస్తకాలున్న స్కూలుకు ఇది అనవసరం, ఎక్సెల్ షీటు, ఇద్దరు బాధ్యత గల పిల్లలు చాలు. వెయ్యి దాటితే ఆలోచించండి. మొదలుపెట్టేది జూన్‌లో వద్దు, అడ్మిషన్ల హడావుడిలో ఏదీ కుదరదు. మార్చిలో పుస్తకాలన్నీ వెనక్కి వచ్చాక, ఏడో తరగతి పిల్లల్ని బీరువాకు ఇద్దరు చొప్పున కూర్చోబెట్టి బార్‌కోడ్లు అంటించే పని మొదలుపెట్టండి. వచ్చే ఏడాది కౌంటర్లో కూర్చునేది వాళ్లే కాబట్టి ఏ పుస్తకం ఎక్కడుందో అప్పటికే తెలిసి ఉంటుంది.