అద్దె సైకిళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు ఇది చదవండి (విజయనగరం)

"సిటీ సైకిల్, సగం ధరే" అని మన విజయనగరంలో అమ్ముతున్నవి, పెద్ద నగరాల్లో ఫోన్‌తో స్కాన్ చేసి అద్దెకి తొక్కే సైకిళ్లు. ఈ వ్యాపారం ఎంత తొందరగా పోతుందంటే, చైనాలో అంత పెద్ద అద్దె సైకిళ్ల కంపెనీ ఓఫో కూడా 2018లో కుదేలై, కట్టిన డిపాజిట్లు వెనక్కి రావడం కోసం కోటిమందికి పైగా ఎదురుచూశారు. మన దేశంలోంచి అదే ఏడు వెళ్లిపోయింది. మేం కొన్నది ఆ కంపెనీది కాదు, చిక్కు మాత్రం అన్నిటికీ ఒకటే: తాళం.

వెనక చక్రానికి ఉండే ఆ లాక్‌లో సిమ్, జీపీఎస్, బ్యాటరీ, చిన్న మోటారు ఉంటాయి. స్కాన్ చేస్తే సైకిల్ నంబరు సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ సరే అంటే సిమ్ ద్వారానో, మన ఫోన్ బ్లూటూత్ ద్వారానో ఆర్డరొచ్చి, మోటారు తిరిగి లాక్ ఊడుతుంది. వేయడానికి ఇవేవీ అక్కర్లేదు, చేత్తో లీవరు నొక్కితే పడిపోతుంది. తీయాలంటే మాత్రం ఆ కంపెనీ సర్వర్ నడుస్తూ ఉండాలి.

అమ్మినాయన "లాక్ ఫ్రీ చేసేశాం" అన్నాడు. చేసిందల్లా లీవరు మీద టేపు అంటించడం. ట్యూషన్ దగ్గర ఎవరో పిల్లాడు టేపు పీకి నొక్కేశాడు. మా గుంటడు వెనక చక్రం పైకెత్తి పట్టుకుని, దాసన్నపేట నుంచి ఇంటిదాకా ఈడ్చుకొచ్చాడు. అసలే మామూలు సైకిల్ కంటే బాగా బరువు. వాడి చేతులు చూస్తే కడుపు తరుక్కుపోయింది.

రిపేరు షాపులో "మన స్పానర్లు పట్టవు బావూ, బోల్టులే వేరు" అన్నారు. దొంగలు విప్పకుండా అలా చేస్తారట. గ్రైండర్‌తో లాక్ కోయించాం, స్పోకులు కూడా పోయాయి. టైర్లు గాలి లేని గట్టి రబ్బరువి. పంచరు పడవు గానీ, గోతిలో పడితే దెబ్బంతా నడుముకే. అరిగాక ఆ సైజు ఇక్కడ దొరకదని షాపాయన అన్నాడు.

బిల్లడిగితే అమ్మినాయన ఇప్పుడు ఫోనెత్తడం లేదు. కంపెనీ మూతపడినా సైకిళ్లు దిక్కులేనివి కావు, అప్పులవాళ్లవో కార్పొరేషన్‌వో అయ్యుండొచ్చు. దొంగసొత్తయితే పోలీసులకి జవాబు చెప్పుకోవాల్సింది మన పిల్లలే. కాబట్టి ఫ్రేమ్ నంబరు రాసిన బిల్లు లేకుండా డబ్బులివ్వకండి. లాక్ మొత్తం విప్పించి, మామూలు తాళం వేయించాకే తీసుకోండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఈరోజే లాక్ తీయించేయండి. బిల్లివ్వకుండా అమ్మినవాళ్ల మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, మేం చేశాం.