తాగుడు మాన్పించడం, ఉద్యోగం చూడటం రెండూ ఒకే చోట: అన్నయ్యని చేర్చిన 7 నెలల తర్వాత నా రేటింగ్ 5కి 4

మాది పలాస దగ్గర పల్లెటూరు. అన్నయ్య లారీ క్లీనర్‌గా వెళ్ళేవాడు, ఎనిమిదేళ్ళ కిందట హైవే మీద యాక్సిడెంట్ అయ్యి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. అప్పటిదాకా పండక్కో పబ్బానికో తాగేవాడు, కాలు పోయాక రోజూ అయిపోయింది. శ్రీకాకుళం టౌన్లో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే సెంటర్‌లో చేర్చి ఇప్పటికి ఏడు నెలలు, దాని గురించే రాస్తున్నా. పేరు మాత్రం వేయట్లేదు, అన్నయ్య వద్దన్నాడు.

ముందు పాత సంగతి చెప్పాలి, లేకపోతే దీన్ని ఎందుకింత మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. రెండేళ్ళ కిందట వేరే ప్రైవేటు సెంటర్‌లో పడేశాం, అన్నయ్య ఒప్పుకోకుండానే బండి ఎక్కించేశాం, ఆ తప్పు మాదే. పారిపోతాడని అక్కడోళ్ళు జైపూర్ కాలు, అంటే పెట్టుడు కాలు, తీసేసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు, చేతికర్ర కూడా ఇవ్వలేదు, బాత్రూమ్‌కి నేల మీద దేక్కుంటూ వెళ్ళాడు. తాగుడు ఒక్కసారిగా ఆపించి మాత్రలేవీ సరిగ్గా ఇవ్వలేదు, రెండో రోజుకి ఫిట్స్ వచ్చేశాయి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళకి ఒక్కసారి ఆపేస్తే ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయంట, మూడో రోజో నాలుగో రోజో మతి తప్పి లేనివి కనపడతాయి, అది ప్రాణం మీదకే వస్తుంది. దయచేసి ఎవరూ ఇంట్లో గదిలో పెట్టి గడియ వేసి మాన్పించకండి. ఇంకోటి, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం కిందకి తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే జబ్బులు కూడా వస్తాయి, అంటే పేషెంటుకి హక్కులున్నాయి, ఇది మాకు అప్పుడు తెలీదు.

ఈ సెంటర్‌లో మొదటి రోజు డాక్టర్ గారు ఎంత తాగుతావు, ఎప్పటినుంచి అని అడిగి, తర్వాత "రాత్రిపూట కాలు నొప్పి ఉంటుందా?" అన్నారు. అన్నయ్య "ఏ కాలు బాబూ?" అన్నాడు. "లేని కాలు" అన్నారాయన. అంతే, అన్నయ్య తలొంచుకుని ఏడ్చేశాడు. లేని పాదం బొటనవేలు ఎవరో మెలిపెడుతున్నట్టు ఎనిమిదేళ్ళుగా నొప్పి, రెండు క్వార్టర్లు వేస్తేనే నిద్ర. "ఎవులికి సెప్పుకుంతానురా, కాలే నేదు, కాలు నొప్పంటే పిచ్చోడనుకోరా" అన్నాడు నాతో బయటికొచ్చాక. పక్క మంచం మీద పడుకునేవాణ్ణి నేను, నాకూ తెలీదు. కాలో చెయ్యో తీసేసినవాళ్ళలో చాలామందికి ఇది ఉంటుందంట. దానికి మాత్రలు రాశారు, రెండు కాళ్ళ మధ్య నిలువు అద్దం పెట్టి మంచి కాలిని ఆడిస్తూ అద్దంలోకి చూడమన్నారు, చూస్తుంటే రెండో కాలు కూడా ఉన్నట్టే కనపడుద్ది. మొదటిసారి చేసినప్పుడు అన్నయ్య ఆ అద్దంలోంచి చూపు తిప్పుకోలేదు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ సగం రాత్రులు నిద్ర పడుతోంది.

తాగుడు ఆపించడం కూడా వారం పైన పట్టింది, బీ1 ఇంజెక్షన్లు ఇచ్చి, మాత్రల డోసు రోజూ కొంచెం తగ్గిస్తూ వచ్చారు. జైపూర్ కాలు ఎప్పుడూ మంచం పక్కనే ఉంది.

ఇక ఉద్యోగం. అన్నయ్య చదివింది ఏడో తరగతి, దివ్యాంగులకి గవర్నమెంట్ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నా మాకేం ఉపయోగం. అదే గవర్నమెంట్ ఉద్యోగి అయ్యుంటే సర్వీసులో ఉండగా కాలు పోయినా 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి లేదు, లారీ క్లీనర్‌ని ఎవరు అడుగుతారు. ఇంతకుముందు ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, ఆరు నెలలు తాగకుండా ఉండు అప్పుడు చూద్దాం అని. ఖాళీగా ఇంట్లో కూర్చున్నోడు ఆరు నెలలు ఎలా ఉంటాడు చెప్పండి? ఒకటో తారీకు ఇంటికొచ్చి 6000 పెన్షన్ చేతిలో పెడతారు, సాయంత్రానికి ఫ్రెండ్స్ వచ్చేస్తారు, క్వార్టర్ 99కి దొరుకుతోంది.

వీళ్ళు మాత్రం నెల తిరక్కుండానే పని వెతకడం మొదలుపెట్టారు. ఈ పని చూసే మేడం ముందు అన్నయ్యనే అడిగింది, "నీ తాగుడు సంగతి ఓనర్‌కి చెప్పమంటావా, వద్దా? నువ్వు సరేనంటేనే చెప్తాను" అని. అన్నయ్య రెండు రోజులు ఆలోచించి చెప్పమన్నాడు. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్‌లో పెట్టించారు, కూర్చుని చేసే పని, గుండు పప్పు, బద్దలు వేరు చేసి సైజులు ఏరడం. మేడం స్వయంగా వచ్చి బల్ల ఎత్తు చూసి, స్టూలు తీయించి వెనక ఆనుకునే కుర్చీ వేయించింది, జైపూర్ కాలు చాపుకోడానికి కింద చెక్క పెట్టించింది. మొదటి వారం చేతులు వణికి పప్పు జారిపోయేది, ఓనర్ గారు మొహం అదోలా పెట్టారు, మేడం రోజూ ఫోన్ చేసి మాట్లాడేది. ఇప్పుడు రోజు కూలీ మిగతావాళ్ళతో సమానం.

నాలుగో నెలలో అమ్మోరి సంబరానికి మళ్ళీ తాగాడు, రెండు రోజులు పనికి వెళ్ళలేదు. నేను అయిపోయింది అనుకున్నా. మేడం ఫోన్ చేసి "తిట్టకండి, రేపు రమ్మనండి" అంది, ఓనర్‌తో తనే మాట్లాడింది, డాక్టర్ గారు మాత్రలు మార్చారు, మూడో రోజు మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, కౌన్సిలింగ్ మేడమీద గదిలో పెట్టారు, లిఫ్ట్ లేదు, కాలు లేనోళ్ళు వచ్చే చోట ఇదేం పద్ధతి, రెండుసార్లు చెప్పినా మార్చలేదు. కౌన్సిలర్ వారానికి రెండు రోజులే ఉంటారు. పైగా మాకు దూరం, పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి మళ్ళీ టౌన్‌కి ఆటో, అన్నయ్య ఆ రోజు కూలీ పోగొట్టుకోవాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఉంటే 14446కి ఫోన్ చెయ్యండి, అది ఫ్రీ, దగ్గర్లో ఏ సెంటర్ ఉందో చెప్తారు. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, బాత్రూమ్ మీరే లోపలికెళ్ళి చూడండి, దివ్యాంగులైతే సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చే కాగితం) జిరాక్స్ పట్టుకెళ్ళండి, లేకపోతే మాలాగే ఒక రోజు వేస్ట్ అవుద్ది.